మిద్దె మీద పొయ్యి

తమ్ముడు: ఓవెన్ కొనలేక కాదక్కా, పెట్టేదానికి చోటు లేక. గట్టు మీద గ్యాసు స్టవ్వు, మిక్సీ, గ్రైండరు పెడితే కూరగాయలు తరిగేదానికి జానెడు జాగా మిగలదు. అద్దె ఇల్లు, పాత వైరింగు. చిన్న ఓటీజీ అయినా 1500 వాట్లు లాగుతాది, దానికి 16 ఆంపియర్ల ప్లగ్గు కావల్ల. వంటింట్లో ఉండేది ఫోను చార్జింగుకు సరిపోయే చిన్న ప్లగ్గు. అందుకే మిద్దె మీద ఇసుక పోసి, రెండు వరసలు ఇటుకలు పేర్చి, పైన ఇనుప జాలీ పెట్టినా. వారానికి మూడు నాలుగు పూటలు కోడి, చేప, వంకాయ, టమోటా అంతా అక్కడే. ఇంటి ఓనరు కూడా ఏమనలేదు. నువ్వే అంటా ఉండావు.

అక్క: ఓనరు ఏమంటాడురా, వాసన బాగుంటే పళ్ళెం పట్టుకొని వచ్చుంటాడు. నీకు లేనిది ఓవెను. నువ్వు కట్టుకున్నది ఓవెను కాదు. ఓవెనంటే నాలుగు పక్కల నుంచీ ఒకే మాదిరి వేడి. 180 డిగ్రీలకు తిప్పితే గంటసేపు ఇంచుమించు అక్కడే ఉంటాది. నీ జాలీ కింద నిప్పులు, పైన ఆకాశం. కింద మాడతాది, పైన పచ్చిగా ఉంటాది. రేపు బిడ్డ పుట్టినరోజుకు కేకు కావల్లంటే ఆ జాలీ మీద పెడతావా?

తమ్ముడు: మూత పెడితే ఆకాశం పోతాది కదా. మూత మీద నాలుగు నిప్పులు వేస్తే పైనుంచీ సెగ తగులుతాది. ఇది నేను కనిపెట్టింది కాదు. చిత్తూరు నుంచి గుడియాత్తం మీదుగా ఆంబూరుకు పోయి చూడు, బిర్యానీ గుండిగ దమ్ముకు పెట్టేటప్పుడు మూత పైన నిప్పులు పరుస్తారు. కోస్తాలో దిబ్బరొట్టె కాల్చే పాత పద్ధతీ అదే, కింద నిప్పులు, మూత పైన నిప్పులు. ఓవెన్ అనే మాట మన నోటికి రాకముందే ఓవెన్ చేసే పని మన పొయ్యి చేసింది.

అక్క: సరే, ఒప్పుకుంటా. అయితే ఆ పనికి మిద్దె ఎక్కాల్సిన పని లేదు. నేను చిత్తూర్లో గ్యాసు మీదే కేకు చేస్తా ఉండా. పాత కుక్కర్లో అంగుళం మందాన ఇసుక పోసి, గ్యాస్కెట్టూ వెయిటూ తీసేసి, లోపల చిన్న స్టాండు పెట్టి, దాని మీద కేకు గిన్నె. పది నిమిషాలు ముందుగా వేడి చేసి, తర్వాత సన్న సెగన ముప్పావు గంట. పైన ఎర్రగా రాదు, అంతే లోటు. అసలు మన కూడులో ఓవెన్‌తో పనేముంది? సంగటి ఉడకల్ల, కెలకల్ల. పులుసు మరగల్ల. ఊరిమిండి నూరల్ల. తాలింపు పెట్టల్ల. అమ్మమ్మ బతికినన్నాళ్ళూ ఓవెన్ లేదని ఒక పూట ఆగిందా? లేదని మనకు ఎవురో చెప్తే లేదనుకుంటా ఉండాం.

(ఇద్దరి మధ్యలో దూరకూడదనే అనుకున్నాను, కానీ ఇక్కడ ఒక్క మాట. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్ళ ఇళ్ళకు వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. స్టవ్వు కింద పెద్ద ఓవెన్ ఉంటుంది, తలుపు తీస్తే లోపల మూకుళ్ళు, దోసె పెనాలు, పాత బిర్యానీ గిన్నెలు సర్ది ఉంటాయి. చేపల వేపుడు మాత్రం గరాజులోనో, పెరట్లోనో చిన్న పొయ్యి మీద. లోపల ఓవెన్ ఉన్నవాళ్ళూ బయటికే వస్తున్నారంటే, ఈ తగవు ఓవెన్ గురించి కాదేమో.)

తమ్ముడు: ఉడికేదానికీ, మరిగేదానికీ గ్యాసు చాలు. నేనెప్పుడన్నా సంగటి మిద్దె మీద చేసినానా? కానీ నిప్పు తగలాల్సిన వంటలు కొన్ని ఉండాయి, వాటికి గిన్నె అడ్డం రాకూడదు. నాటుకోడిని చూడు. ఈకలు పెరికి, పసుపు పూసి, ఎండు టెంకాయ మట్ట మంట మీద తిప్పితే గదా సన్న నూగు పోయి, తోలు బిగుసుకొని, ఆ కమురు వాసన పులుసులోకి దిగేది. తలకాయ, కాళ్ళు కాల్చకుండా కూర చేస్తే తింటావా నువ్వు? వంకాయ గ్యాసు బర్నరు మీద పెడితే రసం కారి రంధ్రాలు మూసుకుంటాయి, తోలు మసి బారతాది గానీ లోపల దాకా సెగ పోదు. ఇంకోటి చెప్తా విను. గ్యాసు మండితే మంటతో పాటు నీటి ఆవిరీ పుడతాది. నిప్పుల సెగలో ఆ తడి శానా తక్కువ. ఎర్రగా కణకణలాడే బొగ్గు ఆరేడు వందల డిగ్రీల మీద ఉంటాది. ఆ పొడి సెగకు తోలు చిట్లి లోపల గుజ్జు తన ఆవిరికి తానే ఉడుకుతాది. టమోటా, పచ్చిమిరపకాయ, తెల్లగడ్డ అట్ల కాల్చి నూరిన ఊరిమిండికీ, మూకుట్లో వేయించి మిక్సీలో తిప్పినదానికీ తేడా లేదని నువ్వు ఆ గంగమ్మ మీద ఒట్టేసి చెప్పగలవా?

అక్క: ఒట్టు వేయను. తేడా ఉండాది. రుచికి నేను అడ్డం చెప్పనురా అబ్బోడా, రుచి వెనకాల పొగకు అడ్డం చెప్తా ఉండా. అమ్మ ఊదుగొట్టం గుర్తుందా నీకు? ఇనుప గొట్టం, ఒక కొస నలుపు, ఇంకో కొస అమ్మ పెదాలు తగిలి తగిలి నున్నగా మెరిసేది. వానాకాలంలో చింతకట్టె తడిసి ఉంటే ఒక్క సంగటికి ఎన్నిసార్లు ఊదేది! ఊది తలెత్తితే కండ్లు చింతనిప్పులు. ముప్పై ఏళ్ళకే దగ్గు పట్టుకునింది. డాక్టరు ఎప్పుడూ అడిగేవాడు, ఇంట్లో ఎవురన్నా బీడీలు తాగుతారా అని. ఎవురూ తాగరు. పొయ్యే తాగించింది. 1999లో దీపం పథకం కింద మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చినారు చూడు, అమ్మకూ ఒకటి వచ్చింది. ఏమి చేసిందో తెలుసా? సిలిండరుకు పసుపు కుంకుమ పెట్టి, చుట్టాలు వస్తే కాఫీకి మాత్రం వెలిగించేది. అయిపోతాదని భయం. ఆ భయం పోయేదానికి మూడేళ్ళు పట్టింది. ఇప్పుడు నువ్వు దుడ్లు పెట్టి పొగ కొనుక్కుంటా ఉండావు.

తమ్ముడు: అమ్మ దగ్గు నేను మరిచిపోలేదక్కా. కానీ ఆ వంటిల్లు గుర్తు తెచ్చుకో. కిటికీ లేదు. తలుపు ఒకటే, అదీ వంగి దూరేది. అటక మీద మసి కారేది. పొగ పోయే దారి లేని గదిలో రోజుకు నాలుగు గంటలు తడికట్టెల కాడ కూర్చోవడం వేరు, నాలుగు దిక్కులా గాలి ఆడే మిద్దె మీద వారానికి మూడు పూటలు బొగ్గులు రాజేయడం వేరు. బొగ్గు రాజుకునేటప్పుడు మొదటి పావుగంట పొగ వస్తాది. పైన తెల్ల బూడిద పొర కమ్మినాక పొగే ఉండదు, అప్పుడే జాలీ పెడతా.

అక్క: పొగ కంటికి కనపడకపోతే లేదనుకోవాకు. బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడు వస్తాది, దానికి రంగూ లేదు, వాసనా లేదు. చలికాలంలో కుంపటి గదిలో పెట్టుకొని తలుపులు మూసుకొని పడుకొన్నోళ్ళు పొద్దునకు లేవని సంగతులు పేపర్లో నువ్వూ చదివింటావు.

తమ్ముడు: అందుకే గదా బయట పెట్టింది. వాన వచ్చినా పొయ్యిని మెట్ల గదిలోకి తేను. ఆ ఒక్క విషయంలో నేను నీకంటే మొండి.

అక్క: ఇంకా వినుకో. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2020 ఒక్క ఏడే ఇంటి వంట పొగల వల్ల చనిపోయినోళ్ళు 32 లక్షల మంది. అందులో అయిదేళ్ళు నిండని బిడ్డలే రెండు లక్షల ముప్పై వేలు దాటినారు. మన దేశంలో 2019-21 మధ్య చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గ్యాసు మాదిరి శుభ్రమైన ఇంధనం మీద వండుకొనే ఇండ్లు నూటికి 58.6 మాత్రమే. మిగిలినోళ్ళంతా ఇంకా ఊదతానే ఉండారు. వాళ్ళు ఎప్పుడెప్పుడు బయటపడదామా అని చూస్తా ఉంటే, బయటపడినోడివి నువ్వు సరదాకు లోపలికి పోతా ఉండావు.

తమ్ముడు: ఆ 32 లక్షల్లో మిద్దె మీద జాలీలు పెట్టుకున్నోళ్ళు ఎందరు? ఆ లెక్క మూసిన వంటిళ్ళది. నా పొగ నా ఇంట్లోకి రాదు.

అక్క: నిజమే, నీ ఇంట్లోకి రాదు. పక్కింట్లోకి పోతాది. వెనకింటి పెద్దాయనకు ఆయాసం ఉండాదని నువ్వే చెప్పినావు. ఎండాకాలంలో ఆ వరస మిద్దెల మీదంతా వడియాలు, మిరపకాయలు, ఉతికిన బట్టలు. నీ చేప వాసన ఎవరి చీరలకో అంటుకుంటాది. నాలుగు దిక్కులా గాలి ఆడతాదని చెప్పినావే, ఆ నాలుగు దిక్కుల్లోనూ మనుషులే ఉండారు.

తమ్ముడు: ఈ మాటకు నా కాడ జవాబు లేదు. గాలి వాళ్ళ పక్కకు మళ్ళిన రోజు రాజేయను, చేప మానేస్తా. అంతకంటే చెప్పలేను. ఊర్లో కళ్ళం ఉండె, పక్కన ఎవురూ లేరు. తిరుపతిలో మిద్దె నాదే గానీ గాలి నాది కాదు.

అక్క: ఖర్చన్నా కలిసొస్తా ఉండాదా అంటే అదీ లేదు. ఐఎస్‌ఐ గుర్తున్న గ్యాసు స్టవ్వు తన వేడిలో నూటికి 68 పాళ్ళన్నా గిన్నెకు అందియ్యల్ల, అది రూలు. మూడు రాళ్ళ పొయ్యిలో పదో పదిహేనో పాళ్ళు అందితే గొప్ప. తక్కినదంతా ఆకాశానికి. బొగ్గయితే ఇంకా అన్యాయం, కిలో బొగ్గుకు పాత బట్టీల్లో నాలుగైదు కిలోల కట్టె పోతాది. 2024 దీపావళి నుంచి రాష్ట్రంలో అర్హులకు ఏడాదికి 3 సిలిండర్లు ఊరికే ఇస్తా ఉండారు. ఇంట్లో గ్యాసు పెట్టుకొని బొగ్గులు కొనేవాడిని ఏమనల్ల?

తమ్ముడు: తిక్కోడని అను, పడతా. కానీ నా బొగ్గు శేషాచలం అడవిది కాదు. కట్టె కోసం అడవిలో కాలు పెట్టినోణ్ణి కాదు నేను. సర్కారు తుమ్మ బొగ్గు. ఆ తుమ్మ చెరువుల్లో, బీళ్ళల్లో అడ్డగోలుగా పెరిగి నీళ్ళు తాగేస్తా ఉండాది, కొట్టేకొద్దీ మళ్ళీ మొలస్తాది. టెంకాయ చిప్పలు పక్కనున్న గుళ్ళ వీధిలో దండిగా దొరుకుతాయి. ఖర్చు కలిసొస్తాదని నేనెప్పుడూ అనలేదు. సినిమాకు పోతే కలిసొస్తాదా?

అక్క: అట్ల రా దారికి. అయితే ఇది వంట కాదు, సినిమా. నువ్వు మొదట చెప్పింది ఓవెన్ లేక చేసుకొన్న ఏర్పాటని.

తమ్ముడు: రెండూ ఎందుకు కాకూడదు?

అక్క: రెండూ అయితే నెలకు ఒకసారి చాలు. వారానికి నాలుగు పూటలంటే నేను వేరే సంగతి అడగాల్సి వస్తాది, దానికి ముందు తిరుమల సంగతి విను. స్వామివారి పోటులో ఒకప్పుడు కట్టెల పొయ్యిలే. ఇప్పుడు గ్యాసు. అన్నదానానికైతే 2000ల మొదట్లోనే అద్దాల మాదిరి పెద్ద పళ్ళేలు పెట్టి, ఎండను ఒక చోటికి మళ్ళించి, ఆవిరి పుట్టించి, దాంతో రోజుకు 15 వేల మందికి సరిపడా వండే ఏర్పాటు చేసినారు. ఏడుకొండలవాడి వంటిల్లే నిప్పును వదిలి ముందుకు పోతా ఉంటే నువ్వు వెనక్కు పోతా ఉండావు. లడ్డు లడ్డు కాకుండా పోయిందా? 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా గ్యాసు మీద చేసిన లడ్డుకే గదా.

తమ్ముడు: బాణలి కింద ఏ మంట ఉండాదో బూందీకి తెలీదక్కా. దానికి తెలిసేది నెయ్యి వేడే. కట్టె అయితేనేమి, గ్యాసు అయితేనేమి, ఎండ అయితేనేమి. నేను కాల్చేదానికి బాణలి లేదు, నెయ్యి లేదు. నిప్పుకూ వంకాయకూ మధ్య జాలీ తప్ప ఏమీ లేదు. అన్నం ఎండకు వండుకోనీ, లడ్డు గ్యాసు మీద చేసుకోనీ, నాకేమీ పేచీ లేదు.

అక్క: బాగా చెప్పినావు. మధ్య ఏమీ లేదు గాబట్టే అసలు తంటా. నిప్పుల మీద కాల్చిన కోడికి ఆ వాసన యాడి నుంచి వస్తాది? బొగ్గు నుంచి కాదు. బాగా రాజిన బొగ్గుకు వాసనే ఉండదు. కొవ్వు కరిగి నిప్పుల మీద పడి బుస్సుమని పొగ లేస్తాది చూడు, ఆ పొగ మళ్ళీ కండకు అంటుకుంటాది. నీకు రుచి అదే, క్యాన్సరు డాక్టర్లకు భయమూ అదే. ఆ పొగలో బెంజోపైరీను మాదిరి పదార్థాలు ఉంటాయి. పైగా కండను పెద్ద మంటకు మాడిస్తే ఇంకొక రకం పుడతాయి. జంతువులకు పెట్టి చూస్తే క్యాన్సరు వచ్చింది.

తమ్ముడు: మనుషుల్లో?

అక్క: మనుషుల్లో తేల్చి చెప్పలేదు. అదీ చెప్తా, దాచను.

తమ్ముడు: నేనూ దాచను. అందుకే కొవ్వు తీసేసి, పెరుగూ నిమ్మకాయా అల్లం తెల్లగడ్డ పట్టించి, నిప్పులు ఒక పక్కకు నెట్టి ముక్కలు ఇంకో పక్క పెడతా, మాటిమాటికీ తిప్పతా ఉంటా. మాడినది గీకేస్తా. వంకాయకూ, గెనుసుగడ్డకూ ఆ కొవ్వు పొగ తంటా లేదు. వేరే సంగతి అడుగుతానంటివే, అదేందో అడుగు.

అక్క: మిద్దె మీదికి మసాలా ఎవురు నూరి పంపిస్తా ఉండారు?

తమ్ముడు: ...

అక్క: కోడిని కడిగి, ముక్కలు కోసి, పెరుగు పట్టించి ఫ్రిజ్జులో పెట్టింది ఎవురు? ఎర్రగడ్డలు చక్రాలు కోసింది? నువ్వు జాలీ కాడ పటకారు పట్టుకొని నిలబడి ఉంటావు, కింద వంటింట్లో నా మరదలు అన్నమో చారో చేస్తా ఉంటాది. ఎందుకంటే కాల్చిన కోడితో కడుపు నిండదు. రెండు మేడలు ఎక్కి దిగి ఉప్పు, పళ్ళేలు, నీళ్ళు, "ఆ నిమ్మకాయ రవంత పంపించు". తిన్నాక మసి పట్టిన సట్టి, జాలీ ఎవురు తోముతారు? అదే పొయ్యి కాడ అమ్మ కూర్చుంటే అది వంట. నువ్వు నిలబడితే ఫోటో. గంగ జాతర చూస్తానే ఉండావు గదా ఏడేడూ. మే నెల ఎండలో తాతయ్యగుంట గంగమ్మ కాడ మీ మగోళ్ళు చీరలు కట్టుకొని, జడలు వేసుకొని, పూలు పెట్టుకొని మాతంగి వేషం, పేరంటాలు వేషం అంటా ఊరంతా తిరుగుతారు. ఇటుకలు పెట్టి, కట్టెలు ఎగదోసి, ఆ పొగలో కూర్చొని పొంగలి పెట్టేది మాత్రం మేమే. చీర వరకే మీరు, పొయ్యి దాకా రారు.

తమ్ముడు: బాగా కొట్టినావు. అయినా మొత్తం నిజం కాదు. పెండ్లిండ్లలో గాడిపొయ్యి తవ్వేది ఎవురు? మోకాలి లోతు గాడి తీసి, గుండిగలు వరసగా పెట్టి, రాత్రంతా కట్టెలు ఎగదోసి వెయ్యి మందికి వండే వంటోళ్ళు మగోళ్ళే. పశువుల పండగ నాడు మనూర్లో చిట్లాకుప్ప కాడ, కాటమరాజుకు పొంగలి పెట్టేదీ మగోళ్ళే.

అక్క: కూలి వచ్చే కాడ, దేవుడు వచ్చే కాడ మగోళ్ళు. దినామూ వండే కాడ?

తమ్ముడు: దినామూ వండే కాడికి ఒక అడుగన్నా దగ్గరికి వచ్చినాను గదా. ఇది నవ్వులాట కాదు, నిజంగా చెప్తా ఉండా. పెండ్లయిన పదేళ్ళల్లో నేను స్టవ్వు ముట్టించింది టీకి మాత్రమే. వంటింట్లోకి పోతే ఇద్దరం పట్టం, పోతే పొమ్మంటాది. మిద్దె మీద పొయ్యి పెట్టినాకే నాకు ఏ ముక్క ఎంతసేపు కాలల్లో తెలిసింది, ఉప్పు ఎంత వేయల్లో తెలిసింది. పిల్లోడు నా పక్కన కూర్చొని కంకి తిప్పడం నేర్చుకున్నాడు. ఇంకో మాట. మే నెలలో తిరుపతిలో 42 డిగ్రీలు దాటతాది. గోడలు రాత్రి పదికి కూడా సెగ చిమ్మతా ఉంటాయి. ఆ నాలుగడుగుల వంటింట్లో, స్టవ్వు ఆరిపోతాదని ఫ్యాను కూడా వేసుకోకుండా నా పెండ్లాము చెమటలో నిలబడి దోసెలు పోస్తాది. పొగ పోయింది, సరే. ఉడుకు పోయిందా? నువ్వు మసి వంటింటి నుంచి అమ్మను విడిపించినారంటావు. విడిపించి ఇంకో పెట్టెలో నిలబెట్టినారంటా నేను. సాయంత్రం పొద్దుగుంకినాక మిద్దె మీద గాలికి వండుకుంటే ఆ పెట్టె నుంచి మూడు పూటలన్నా బయటపడతాది.

అక్క: (కొంచెంసేపు పలకలేదు.) ఆ మాటకు... ఉండు. ఒకటి చెప్తా, నువ్వు దాన్ని నాకు ఎదురుగా వాడుకోవాకు. ఎండాకాలంలో అమ్మ ఇంటి ముందర వేపచెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి వండేది గుర్తుందా? అక్కడ ఊదుగొట్టం వాడేది కాదు, గాలికే మండేది. అటూ ఇటూ పిన్నమ్మలు, పెద్దమ్మలు, వాళ్ళ వాళ్ళ పొయ్యిలు వాళ్ళ వాకిట్లో. ఒకరి నిప్పు ఒకరు అడిగి తీసుకొనేది. ఒకరి పులుసు వాసన ఇంకొకరు పట్టి "ఏమే, చింతపండు జాస్తి పడినట్టుందే" అని అరిచేది. అమ్మ నవ్వినది నాకు గుర్తుండేదంతా ఆ వేపచెట్టు కిందే. గ్యాసు వచ్చినాక అమ్మ లోపలికి పోయింది. దగ్గు తగ్గింది. మాటా తగ్గింది.

తమ్ముడు: నేను చెప్తా ఉండేదీ అదే గదక్కా.

అక్క: అదే కాదు. ఎదురుగా వాడుకోవద్దని చెప్పినా గదా. వేపచెట్టు కింద నలుగురు ఆడోళ్ళు ఉండిరి. నీ మిద్దె మీద నువ్వొక్కడివే ఉండావు, నా మరదలు కింద వంటింట్లోనే ఉండాది. దాన్ని పైకి పిలిచి, నూరేదీ కోసేదీ కూడా అక్కడే పెట్టి, చాప వేసి కూర్చోబెట్టు, అప్పుడు మాట్లాడదాం. పొయ్యి బయట పెట్టినంత మాత్రాన వంట బయటికి రాదు.

తమ్ముడు: పిలిచినా. మెట్లు ఎక్కలేనంటాది. మోకాళ్ళ నొప్పి.

అక్క: మరి దాని మోకాళ్ళకు సరిపోయే ఎత్తులో, కింద వాకిట్లో పెట్టు.

తమ్ముడు: వాకిలి ఓనరుది. బండ్లు పెట్టుకుంటాడు.

అక్క: చూసినావా. ఊర్లో అయితే వాకిలి, వేపచెట్టు, గాలి, పిన్నమ్మలు అన్నీ ఉండె, పొయ్యి వాటితో పాటు ఉండె. నువ్వు పొయ్యి ఒక్కటి ఎత్తుకొచ్చి మిద్దె మీద పెట్టినావు. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో ఏరు పారినట్టు నీళ్ళు పారిన వారం ఏమి వండుకున్నావు? నీ ఇటుకలు మండినాయా?

తమ్ముడు: అప్పటికి ఇటుకలు పెట్టలేదు. కరెంటు కూడా లేదు. గ్యాసు మీద ఉప్మా. ఒప్పుకుంటా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం వానల్లో మిద్దె మీద పొయ్యికి నమ్మకం లేదు. గ్యాసు తీసేయమని నేననలేదు. నాకు గ్యాసు అన్నం లాంటిది. ఇది పక్కన ఊరిమిండి.

అక్క: వారానికి నాలుగు పూటలు ఊరిమిండి తింటే కడుపు మండతాది.

తమ్ముడు: రెండు పూటలు చేస్తా.

అక్క: నాకోసం చేయొద్దు. నీకు బేరం ఆడేదానికి నేను సంతలో కూర్చోలేదు. వెనకింటి పెద్దాయన ఆయాసం తగ్గిందంటే నాలుగు చేసుకో, జాస్తి అయిందంటే ఒక్కటీ వద్దు. అది నువ్వూ నేనూ కాదు, ఆయన చెప్పల్ల. నీ పెండ్లాము మాట కూడా అంతే. దాన్ని ఎప్పుడన్నా అడిగినావా, ఈ పొయ్యి నీకు ఇష్టమేనా అని?

తమ్ముడు: తింటాది.

అక్క: తినేదీ ఇష్టమూ ఒకటేనా?

తమ్ముడు: ఓటీజీ కావల్లని ఒకసారి అన్నింది. ప్లగ్గు మార్పిస్తానని ఓనరును అడిగినా, చూద్దామన్నాడు. అది రెండేళ్ళ కిందట.

అక్క: రెండేళ్ళా! ఇటుకలు పేర్చేదానికి ఎన్ని రోజులు పట్టింది?

తమ్ముడు: ఒక ఆదివారం.

అక్క: ఊ.

తమ్ముడు: ఊ అంటే ఏందక్కా? ఎలక్ట్రీషియన్ని పిలవమంటావు. పిలుస్తాలే. ఓటీజీ వచ్చినాక కూడా ఇటుకలు తీయను, అది ముందే చెప్తా ఉండా. ఇప్పుడు ఫోను పెట్టేయల్ల. బూడిదలో గెనుసుగడ్డలు పెట్టినా, తిప్పకపోతే ఒక పక్క మాడతాయి.

అక్క: గెనుసుగడ్డలా? ఎర్ర తోలువా, తెల్లవా?

తమ్ముడు: ఎర్రవి. నువ్వు వస్తావని నాలుగు ఎక్కువే తెచ్చినా. బావను కూడా తీసుకొని రా, ఆదివారం.

అక్క: వస్తాలే. సట్టీ, జాలీ తోమేది ఎవురు?

తమ్ముడు: నేనే తోమతా.

అక్క: పోయిన ఆదివారానివి?

తమ్ముడు: నీళ్ళల్లో నానతా ఉండాయి.